చెయ్యెత్తితే ఆగుతుందా?



ఈ మధ్య మన యౌవనస్థుల గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. స్టీరింగ్ దానంతట అదే తిరుగుతోంది. వెనక సీట్లో ఒకాయన నిశ్చింతగా కాఫీ తాగుతున్నాడు. అమెరికాలో వేమో అనే సంస్థ నడుపుతున్న టాక్సీ అది. ఫీనిక్స్ నగర పరిసరాలలో 2020 అక్టోబరు నుండి, శాన్ ఫ్రాన్సిస్కోలో 2024 జూన్ నుండి ఎవరైనా ఫోనులో పిలిచి ఎక్కవచ్చు. వీడియో చూసి కొందరు ఇది అంత్యదినాల సూచన అన్నారు. కొందరు నంద్యాలకు ఎప్పుడొస్తుందని అడిగారు. ఆటో తోలే సహోదరుడొకాయన గ్రూపులో ఏమీ పెట్టలేదు గానీ, ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటూ నిలబడి, "అయ్యగారూ, ఇది నిజంగా మన కాడికి వస్తాదా?" అని అడిగాడు. అంత్యదినాల సంగతి వేరొకసారి చూద్దాము. ఈ సహోదరుడి ప్రశ్న దానికన్నా దగ్గరిది.

తోలేవాడు లేని బండి మనకు బొత్తిగా కొత్త కాదు. నంద్యాల మార్కెట్టుకు ధాన్యం వేసుకుపోయి రాత్రి తిరిగి వచ్చేటప్పుడు బండివాడు గడ్డి మీద పడుకుని నిద్రపోతే, ఎద్దులే ఇల్లు చేర్చేవని మన పెద్దలు చెబుతారు. బైబిల్లో కూడా అలాంటి బండి ఒకటుంది. మొదటి సమూయేలు గ్రంథం 6వ అధ్యాయం తీసి చదవండి. ఫిలిష్తీయులు దేవుని మందసమును కొత్త బండి మీద పెట్టి, ఎన్నడూ కాడి మోయని రెండు పాడి ఆవులను కట్టి, తోలేవాడు లేకుండా వదిలిపెట్టారు. అవి కుడికీ ఎడమకూ తిరగకుండా బేత్షెమెషు దారిన పోయాయి. ఫిలిష్తీయుల సర్దారులు సరిహద్దు దాకా వెనకాలే నడిచారు. ఇప్పటి కంపెనీలు కూడా పరీక్షలు చేసేటప్పుడు బండితోపాటు ఒక మనిషిని పెడతాయి, సర్దారుల పనే అది!

ఆ అధ్యాయంలో మేము ఎప్పుడూ ఆగే చోటు ఇంకొకటుంది. ఆవులు దారి పొడుగునా అరుస్తూ పోయాయని రాసి ఉంది. ఎందుకంటే వాటి దూడలను ఇంటి దగ్గర కట్టేశారు. బండి తిన్నగానే చేరింది, ఆశ్చర్యకార్యమే. దూడలు మాత్రం ఇంటి దగ్గరే మిగిలాయి. ఆటో సహోదరుడి ప్రశ్న విన్నప్పుడు మాకు ఆ దూడలు గుర్తుకు వచ్చాయి.

ముందు ఇది ఎంతవరకు వచ్చిందో చూద్దాము. ఈ బండ్లకు చుట్టూ కెమెరాలుంటాయి, రాడార్ ఉంటుంది, లైడార్ అనే పరికరం ఉంటుంది. లైడార్ కంటికి కనబడని వెలుతురును చిమ్మి, అది దేనికో తగిలి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి ఎదురుగా ఉన్నది ఎంత దూరమో లెక్క కడుతుంది. ఆ లెక్కలన్నీ కలిపి కంప్యూటరు బ్రేకు వేస్తుంది, మలుపు తిప్పుతుంది. ఏమీ తోచనప్పుడు దూరంగా ఆఫీసులో కూర్చున్న మనిషిని సలహా అడుగుతుంది. ఇది మన దగ్గరకు రాలేదనుకోవద్దు. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాదులో టిహాన్ అనే కేంద్రముంది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 130 కోట్ల రూపాయలతో, ఇలాంటి బండ్లను పరీక్షించే మైదానం అక్కడ కట్టారు. దానిని 2022 జూలైలో ప్రారంభించారు. 2025 నాటికి 6 సీట్లదీ, 14 సీట్లదీ డ్రైవరు లేని చిన్న బస్సులు ఆ ప్రాంగణం లోపల విద్యార్థులను గేటు నుండి హాస్టలుకూ, తరగతులకూ చేరవేస్తున్నాయి. తెలుగు నేల మీద తనంతట తాను నడిచే బండి ఉంది, కాకపోతే కాంపౌండు గోడ లోపల.

ఆ గోడలోనే విషయమంతా ఉంది. డ్రైవరు లేని రైళ్ళు ఎప్పటి నుండో నడుస్తున్నాయి. జపానులో కోబె నగరంలో 1981లోనే మొదలయ్యాయి. మన దేశంలో ఢిల్లీ మెట్రో మెజెంటా లైన్ మీద 2020 డిసెంబరు 28న మొదలైంది. రైలు ముందు ఎలా వచ్చింది, కారు ఎందుకు వెనకబడింది? రైలుకు పట్టాలున్నాయి, కంచె ఉంది, ఎదురుగా గేదె రాదు, రాంగ్ రూటులో ట్రాక్టరు రాదు. రైలు తప్పు దారిన పోవాలన్నా పోలేదు. రోడ్డు అలా కాదు, అందరిదీ.

మన రోడ్డే తీసుకోండి. కర్నూలు నుండి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి. నాలుగు వరుసలు, మధ్యలో డివైడరు, చూడడానికి కారు కంప్యూటరుకు కూడా ఇష్టమయ్యే రోడ్డే. కానీ దాని మీద ఏముంటాయో మనకు తెలుసు. కోతల కాలంలో ఒక వరుస నిండా మొక్కజొన్నలు ఆరబోస్తాము, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతాము, రాత్రికి ధాన్యం ఎత్తుకుపోతాము, రాళ్ళు అక్కడే ఉంటాయి. శిరివెళ్ళ దాటాక గొర్రెల మంద వస్తుంది. పెండ్లి ఊరేగింపు వస్తుంది. యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరమని ఎదురు వచ్చే మోటారు సైకిలు వస్తుంది, దాని మీద ముగ్గురుంటారు. ఇందులో మన సంఘస్థులు లేరని మేము చెప్పలేము!

2018 మార్చి 18న అమెరికాలో టెంపీ అనే ఊళ్ళో ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు, సైకిలును నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని కొట్టింది. ఆమె చనిపోయింది. అక్కడి రవాణా భద్రతా బోర్డు విచారణ చేస్తే తేలినదేమిటంటే, జీబ్రా గీతలు లేని చోట కూడా మనుషులు రోడ్డు దాటుతారన్న సంగతి ఆ కారు కంప్యూటరులో లెక్కలోనే లేదు. లోపల ఉండి చూడవలసిన మనిషి ఫోను చూస్తోంది. ఆనాటికీ ఈనాటికీ ఈ విద్య చాలా మెరుగైంది, నిజమే. అయినా జీబ్రా గీతలు లేని చోట మనుషులు దాటరనుకున్న కంప్యూటరును తెచ్చి ఆళ్ళగడ్డ నాలుగు రోడ్ల కూడలిలో సాయంత్రం ఆరింటికి నిలబెడితే ఏం చేస్తుంది? బహుశా రాత్రి పది దాకా కదలదు.

అయితే నవ్వి వదిలేసే విషయం కాదిది. మేము కాపరులము, సమాధులు కూడా చేస్తాము. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద పోయేవాళ్ళు. 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్ళు. కారులో ఉన్నవాళ్ళ కన్నా కారు బయట ఉన్నవాళ్ళే ఎక్కువగా పోతున్నారు. మూడేండ్ల కింద మా సంఘంలో ఇరవై నాలుగేండ్ల బిడ్డను అలాగే మట్టికి అప్పగించాము. నంద్యాలలో రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారుజామున మోటారు సైకిలు మీద ఇంటికి వస్తున్నాడు. వెనక నుండి వచ్చిన లారీ డ్రైవరు కునుకు తీశాడు. ఆ డ్రైవరును తిట్టడానికి కూడా మాకు నోరు రాలేదు, ఎందుకంటే ఆయన రెండు రాత్రుల నుండి స్టీరింగు మీదే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ బిడ్డ తల్లి ఈ వీడియో చూసి ఉంటే ఏమనుకుని ఉంటుంది? నిద్రపోని డ్రైవరు వస్తానంటే వద్దని ఆమె ముందు నిలబడి చెప్పగలమా?

మేమీ మాటే ఆటో సహోదరుడితో అన్నాము. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "మిషన్‌కు నిద్ర రాదయ్యగారూ, నిజమే. ఆకలి గూడా కాదు గదా. మా ఇంట్లో ఐదు మందికి అయితాది" అన్నాడు.

ఈ మాటను దేశంలో పెద్ద స్థానంలో ఉన్నవారు కూడా ఇంకొక రకంగా అన్నారు. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు 2017లోనూ, మళ్ళీ 2023 డిసెంబరులోనూ, డ్రైవరు లేని కార్లను ఈ దేశంలోకి రానివ్వనని చెప్పారు. డ్రైవర్ల బ్రతుకుతెరువు పోతుందన్నదే ఆయన చెప్పిన కారణం. మంత్రి మాట ఎంతకాలం నిలుస్తుందో మనము పూచీ పడలేము గానీ, ఈ ప్రశ్న ఒక్క ఆటో స్టాండుది కాదని తెలుస్తోంది.

యంత్రం అనగానే మనిషిని దింపేసేదే అని మనమనుకుంటాము. అలా కాని యంత్రం మన దక్షిణ మధ్య రైల్వేలోనే ఉంది. దాని పేరు కవచ్. 2022 మార్చి 4న లింగంపల్లి, వికారాబాదు మధ్య గుల్లగూడ దగ్గర రెండు ఇంజన్లను ఒకే పట్టా మీద ఎదురెదురుగా నడిపారు. ఒక ఇంజనులో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు స్వయంగా కూర్చున్నారు. డ్రైవరు బ్రేకు వేయలేదు. రెండో ఇంజనుకు 380 మీటర్ల దూరంలో యంత్రమే బ్రేకు వేసి ఆపింది. డ్రైవరు తన సీట్లో తానున్నాడు, జీతం తనకొస్తుంది, ఆయన కన్ను మూతపడిన క్షణాన ఇంకొక కన్ను తెరిచి ఉంది. మా బిడ్డను కొట్టిన లారీలో ఇలాంటిది ఉండి ఉంటే చాలు. ఖాళీ సీటు అవసరం లేదు. కొత్త కార్లలో కొన్నింటిలో, ఎదురుగా ఏదైనా వస్తే తానే బ్రేకు వేసే ఏర్పాటు ఇప్పుడు వస్తోంది. ఈ ఏర్పాటు ముందు రావలసినది లారీలకు, బస్సులకు. వస్తున్నది మాత్రం డబ్బున్నవారి కార్లకు.

డబ్బున్నవారి సంగతి వచ్చింది కనుక ఇంకొకటి చెబుతాము. తనంతట తాను నడిచే కారు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అమెరికా పోనవసరం లేదు. జీతం డ్రైవరు ఉన్న ఇంటిని చూడండి. ఆ ఇంటివారికి కారు ఎప్పుడూ తనంతట తానే నడుస్తుంది. అమ్మగారిని గుడి దగ్గర దింపి ఖాళీగా తిరిగి వస్తుంది. పిల్లను ట్యూషన్‌కు దింపి ఖాళీగా వస్తుంది. మరిచిపోయిన కొత్తిమీర కోసం మళ్ళీ పోతుంది. సరిగ్గా ఇదే ఆలోచనతో కాలిఫోర్నియాలో పరిశోధకులు ఒక పరీక్ష చేసి 2018లో ప్రచురించారు. 13 ఇండ్లవారికి ఒక వారంపాటు ఉచితంగా డ్రైవరును ఇచ్చారు, మీ కారు తనంతట తాను నడుస్తుందనుకోండి అని చెప్పారు. ఆ వారంలో ఆ ఇండ్ల కార్లు తిరిగిన దూరం నూటికి 83 వంతులు పెరిగింది. అందులో కొంత, లోపల ఎవరూ లేకుండా తిరిగినది. 13 ఇండ్లు చిన్న లెక్కే. కానీ మనిషి స్వభావం పెద్ద ఇంట్లోనైనా చిన్న ఇంట్లోనైనా ఒకటేనని మాకు తోస్తుంది. కష్టం లేనప్పుడు ఊరికే తిరుగుతాము.

ఇక బస్సు లెక్క చూడండి. ఆళ్ళగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. పొద్దున ఏడున్నర బస్సులో ఎంతమంది ఉంటారో కండక్టరుకే తెలియదు. యాభై మందే అనుకుందాము. ఆ యాభై మందికీ తలా ఒక కారు ఇస్తే, కారుకూ కారుకూ ఖాళీ కలుపుకుని పది మీటర్లు వేసుకున్నా అర కిలోమీటరు వరుస. స్టీరింగు దగ్గర మనిషి ఉన్నాడా లేడా అన్నదానితో ఆ వరుస ఒక్క మీటరు కూడా తగ్గదు. పైగా ఆఫీసు దగ్గర దింపిన కారు, నిలిపే చోటు లేక ఖాళీగా ఆళ్ళగడ్డకు వెనక్కి వస్తే వరుస రెండు వైపులా ఉంటుంది.

మన ప్రాంతంలో రైలు కథ మీకు తెలిసినదే. నంద్యాల నుండి ఎర్రగుంట్లకు 123 కిలోమీటర్ల లైను 1996-97లో మంజూరైంది, ప్రయాణికుల రైలు 2016లో వచ్చింది. అప్పుడు పుట్టిన బిడ్డ డిగ్రీ చదివేంత కాలం పట్టింది. అదైనా బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోతుంది. ఆళ్ళగడ్డ పక్కకు ఉండిపోయింది. హౌరా వైపు పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్, బెంగుళూరు పోయే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే మనము నంద్యాల స్టేషనుకే చేరాలి. అర్ధరాత్రి రైలుకు సాయంత్రం బస్సెక్కి, ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకుని కాచుకుంటాము. మనకు కష్టం రైల్లో లేదు, రైలు దాకా పోవడంలో ఉంది. రుద్రవరం, ఉయ్యాలవాడ, దొర్నిపాడు మండలాల లోపలి పల్లెలవారిని అడగండి, నంద్యాల నుండి హైదరాబాదు సులభం, పల్లె నుండి మెయిన్ రోడ్డుకు రావడమే కష్టమంటారు.

కాబట్టి ఆ కంది బస్సు లాంటిది ఏనాటికైనా మన వైపు రావలసి వస్తే, ఆ పని మీద రానివ్వండి. పల్లె నుండి మెయిన్ రోడ్డు బస్సు దాకా, బస్టాండు నుండి రైల్వే స్టేషను దాకా, రాత్రి పన్నెండుకైనా, తెల్లవారి నాలుగుకైనా, ఒక్క ముసలమ్మ కోసమైనా. డ్రైవరును పెడితే గిట్టుబాటు కాదని ఎవరూ బండి వేయని చోట, వేయని వేళ. అప్పుడు ఏ ఆటో సహోదరుడి పొట్టా కొట్టినట్టు కాదు, ఎందుకంటే ఆ వేళ ఆయన కూడా నిద్రపోతుంటాడు. అలా కాక, నంద్యాల బస్టాండు ముందు పట్టపగలు ఆటోల వరుసలోకి వచ్చి చేరితే, అది మాకు సమ్మతం కాదు. కంపెనీలు ముందు ఎటు వస్తాయని మీరడిగితే, లాభమున్న చోటికే వస్తాయి. అందుకే మొదటి నుండీ మాట్లాడుతూ ఉండాలి.

మార్పు యంత్రం నుండే రానవసరం లేదని కూడా చూశాము. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. మా సంఘంలో పత్తి తీతకు, మిరప కోతకు పోయే అక్కచెల్లెండ్రు ఇప్పుడు నంద్యాల పెద్దాసుపత్రికి వాయిదా వేయకుండా పోతున్నారు. ఒక అవ్వ తన చెల్లెలిని చూడడానికి కడపకు పోయివచ్చింది, ఎన్నేండ్లకో. అదే సమయంలో ఆటోలు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వం అక్టోబరులో ఆటో డ్రైవర్లకు 15,000 రూపాయలు ఇచ్చింది, అది కొన్ని నెలల కిస్తీకి సరిపోయింది. అంటే ఏ రోబో రాకముందే ఒకరికి మేలైనది ఇంకొకరికి లోటైంది. మేలు ఆపమని మేమనము. లోటు పడినవారి లెక్క ముందే వేయమంటాము. ఇంకొక విషయం, 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయినప్పుడు, కలెక్టరాఫీసు కోసం కర్నూలు దాకా పోయే మన ప్రయాణం సగానికి పైగా తగ్గింది. ఏ కొత్త బండీ రాలేదు, ఆఫీసే దగ్గరకు వచ్చింది. ప్రయాణం గురించి ఆలోచించేవాళ్ళు ఇది మరిచిపోతుంటారు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుల రాణి దగ్గర ఖజానా చూసే అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటూ గాజా దారిన పోతున్నాడు. చదవగలిగాడంటే పగ్గాలు వేరొకరి చేతిలో ఉన్నట్టే కదా! ఫిలిప్పు పరుగెత్తి కలుసుకుంటే, ఎక్కి తన పక్కన కూర్చోమని పిలిచాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ పోయారు. రథం ఎలా నడిచిందో లేఖనంలో లేదు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో ఉంది. పల్లెవెలుగు బస్సులో మేము ఇన్నేండ్లు చేసిన పరిచర్యలో సగం అలా పక్క సీట్లో జరిగినదే. రెడ్డిగారి పక్కన కూలికి పోయే తల్లి, ఆమె పక్కన సాయిబు, వారి మధ్య మా సంచి. అద్దాలు మూసిన కారులో ఒక్కడే కూర్చుని పోయేవాడికి ఇది దొరకదు, తోలేవాడున్నా లేకున్నా.

ఆర్టీసీవారు ఒకప్పుడు చెయ్యి ఎత్తండి, బస్సు ఎక్కండి అన్నారు, గుర్తుందా? ఫోను లేని అవ్వ, యాప్ చదవలేని తాత, చెయ్యి మాత్రమే ఎత్తగలరు. వీడియోలోని కారు ఫోనుతో పిలిస్తేనే వస్తుంది. బుక్ చేయనివారు రోడ్డు పక్కన చెయ్యెత్తితే, దానికి ఆ చెయ్యి తప్పించుకుని పోవలసిన అడ్డంకి మాత్రమే. ఆటో సహోదరుడు అలా కాదు. మూడు చక్రాల ఆటోలో పదిమందిని ఎక్కిస్తాడని మేము ఆయనను కోప్పడతాము, మళ్ళీ కోప్పడతాము. కానీ ఆయన ఆగుతాడు. చిల్లర లేదంటే రేపిమ్మంటాడు. పురుటి నొప్పులంటే రాత్రి రెండింటికి లేస్తాడు.

ఇప్పుడు చేతనైన పని ఒకటుంది. మా పల్లెకు కరోనాకు ముందు పొద్దున ఆరింటికి ఒక బస్సు వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. అది ఉంటే కాలేజీ బిడ్డలూ, ఆసుపత్రికి పోయేవారూ, పొద్దుటి రైలు ఎక్కేవారూ మెయిన్ రోడ్డు దాకా నడవనక్కరలేదు. ఆటో సహోదరులతో కూడా మాట్లాడాము, ఆ వేళ తమకు గిరాకీ లేదు గనుక అభ్యంతరం లేదన్నారు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత డిపోవారికి ఇచ్చే అర్జీ కాగితం గుడి వరండాలో బల్ల మీద ఉంటుంది. పేరు, ఊరు, ఏ పని మీద ఎన్ని గంటలకు పోవలసి వస్తుందో రాయండి. సంఘస్థులే కానక్కరలేదు, ఇరుగు పొరుగువారిని కూడా తీసుకురండి. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు, సిరా మేము తెస్తాము.